అమ్మ మామూలు ఏంటో మనకి తెలుసా?

(ఆదివారం సాయంత్రం విశాఖపట్నం మర్రిపాలెంలో మా కాలనీ పెద్దల సంఘం మీటింగులో మాట్లాడింది. ఫోన్లో రికార్డు చేసి, విని, ఉన్నది ఉన్నట్టు టైప్ చేసేం.)

అందరికీ నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా... సరే. నేను డాక్టర్ని కాదు, అది ముందే చెప్పేస్తున్నాను, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా అమ్మకి 74 ఏళ్ళు, ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు, పేరు బ్రాంకియెక్టాసిస్. ఒకప్పుడు ఏడాదికి మూడు నాలుగుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చి మంచం పట్టేసేది, ఇప్పుడు ఏడాదికి ఒకసారి, ఒక్కో ఏడు అదీ లేదు. అది ఎలా తగ్గిందో చెప్పమని సంఘం వాళ్ళు అడిగేరు. మాటల్లో కొన్ని మందుల పేర్లు వస్తాయి, అవి మా అమ్మకి ఆవిడ డాక్టరు రాసినవి, మీ ఇంట్లో వాళ్ళకి అవే వాడేయకండి, దయచేసి.

ఒక రాత్రి గురించి చెప్తాను ముందు. 2013, డిసెంబరు. అమ్మకి ఆయాసం ఎక్కువైపోయి, మాట కూడా ముక్కలు ముక్కలుగా వస్తుంటే ఆటోలో వేసుకుని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళేం. అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయి, చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయేమో, వేలికి క్లిప్పు పెట్టి చూసి నన్ను అడిగింది, మేడమ్ ఈవిడకి మామూలుగా ఆక్సిజన్ ఎంత ఉంటుంది? మామూలుగా రోజుకి కళ్లె ఎంత పడుతుంది, ఏ రంగు? మామూలుగా ఒక అంతస్తు ఆగకుండా ఎక్కగలరా? నేను ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయేను. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే కంచం దగ్గర పెరిగిన దాన్ని, మా అమ్మ మామూలు ఏంటో నాకు తెలీదు. అమ్మేమో ఆ ఆయాసంలోనే చెయ్యి ఊపుతోంది, "ఏటీ నేదమ్మా, మామూలు దగ్గే" అని.

ఆ మామూలు దగ్గు అనే మాట వల్లే మాకు చాలా ఏళ్ళు పోయేయండి. మొదట ఆస్తమా అన్నారు. చలికాలం వచ్చేసరికి దగ్గు, ఐదు రోజుల యాంటీబయాటిక్, కొంచెం తగ్గడం, మళ్ళీ నెలకి మొదలు, మళ్ళీ ఇంకో రంగు మాత్ర. ఎవరూ కళ్లె పరీక్షకి పంపించలేదు. ఒకచోట ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ అన్నారు, కళ్లెలో టీబీ కనపడకపోయినా వాడేయండి అన్నారు, రెండు నెలలు వాడేం, తిండి సహించక ఆరు కిలోలు తగ్గిపోయింది మనిషి. ఆ ఎమర్జెన్సీ రాత్రి తర్వాత సీటీ స్కాన్ తీయిస్తే అప్పుడు తెలిసింది అసలు సంగతి. పాత మచ్చలు, వాటి చుట్టూ గొట్టాలు వెడల్పయిపోయి ఉన్నాయి.

ఈ జబ్బు ఏంటో నాకు అర్థమైన పద్ధతిలో చెప్తాను. మన ఊళ్ళో గెడ్డలు, అదే వాగులు, చూస్తాం కదా. గెడ్డ బాగున్నంతకాలం నీళ్ళు పోతూనే ఉంటాయి. గట్టు విరిగి, అడుగు గుంటలు పడిపోయిందనుకోండి, నీరు అక్కడే నిలిచిపోతుంది, పూడిక చేరుతుంది, దోమ పుడుతుంది. ఊపిరితిత్తుల్లో గొట్టాల లోపల సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి, అవి రోజూ కఫాన్ని గొంతు వైపు నెడుతూ ఉంటాయి, మనకి తెలీకుండానే. గొట్టం సాగిపోయి వదులైపోయిన చోట ఆ నెట్టడం ఆగిపోతుంది, కఫం నిలవ ఉంటుంది, నిలవ ఉన్నచోట బ్యాక్టీరియా చేరుతుంది, అది గొట్టాన్ని ఇంకా పాడు చేస్తుంది, ఇంకా ఎక్కువ నిలవ. సాగిపోయిన గొట్టం మళ్ళీ వెనక్కి రాదు. అది ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. స్టెతస్కోపు కనిపెట్టిన లెనెక్ అనే ఫ్రెంచి డాక్టరు 1819లోనే ఈ జబ్బు గురించి రాసేడు, ఇంత పాత జబ్బు, మన ఇళ్ళల్లో పేరు కూడా తెలీదు, అన్నీ ఆస్తమా కింద, "ఛాతీలో నెమ్ము" కింద కొట్టుకుపోతాయి.

ఎందుకొచ్చింది అంటే... ఇది కొంచెం కష్టమైన మాట. చెస్ట్ డాక్టరు గారు అడిగేరు, చిన్నప్పుడు గానీ వయసులో గానీ టీబీ వచ్చిందామ్మా అని. అమ్మ లేదంది. గట్టిగా లేదంది. ఇంటికొచ్చిన రాత్రి, లైటు తీసేసిన తర్వాత, చీకట్లో చెప్పింది నాకు. 1976లో వచ్చిందట. రోజూ సూదులు, ఆ తర్వాత ఏడాది పైన మాత్రలు. అప్పుడు నాకు రెండేళ్ళు. నన్ను ఆ ఏడాదంతా విజయనగరంలో అమ్మమ్మ దగ్గర ఎందుకు వదిలేసేరో నాకు ముప్పై ఏడేళ్ళ తర్వాత తెలిసింది. పిన్నికి సంబంధాలు చూస్తున్నారు, ఇంట్లో క్షయ ఉందంటే ఎవరూ గడప తొక్కరు, అందుకని నోరు విప్పొద్దని తాతయ్య ఒట్టు వేయించుకున్నాడట. పిన్ని పెళ్ళయిపోయింది, పిన్ని మనవలు కూడా పెద్దవాళ్ళయిపోయేరు, మా అమ్మ ఒట్టు మాత్రం అలాగే ఉంది. ఆవిణ్ణి నేను ఏమీ అనలేకపోయేను. కానీ ఆ ఒక్క మాట ముందే తెలిసుంటే ఆ మచ్చలు పాతవని, ఆ రెండు నెలల మందులు అక్కర్లేదని ఎవరైనా చెప్పేవారేమో కదండి.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. మన దేశంలో ఈ జబ్బున్న 2195 మంది వివరాలు పోగేసి 2019లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రిక వాళ్ళ జర్నల్లో వేసేరు, కారణాల్లో మొదటిది పాత టీబీయే, మూడో వంతు కంటే ఎక్కువమందికి. మిగతావాళ్ళలో చిన్నప్పుడు వచ్చిన న్యుమోనియా, కోరింత దగ్గు, తట్టు, ఆస్తమా ఉన్నవాళ్ళకి ఒకరకం ఫంగస్ ఎలర్జీ, ఇలాంటివి. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ కళ్లెతో దగ్గుతుంటే, నెలల తరబడి, ఒకసారి కూర్చోబెట్టి పాత సంగతులు అడగండి, నలుగురిలో కాదు, ఒంటరిగా అడగండి.

ఇంక రోజూ ఏం చేస్తాం అన్నది. ఇదే అసలు వైద్యం అని నా నమ్మకం, యాంటీబయాటిక్ దీని తర్వాతే. పొద్దున్న ఐదున్నరకి అమ్మ లేస్తుంది, నోరు పుక్కిలించి గోరువెచ్చటి నీళ్ళు తాగుతుంది. ముందు గొట్టాలు విచ్చుకునే మందు, మాకు లెవోలిన్ రాసేరు, నెబ్యులైజర్లో, అంటే మందుని ఆవిరిలా చేసి పీల్చుకోనిచ్చే మిషన్లో. అది అయ్యేక 3 శాతం ఉప్పునీటి మందు, అదీ నెబ్యులైజర్లోనే, కఫాన్ని పల్చన చేస్తుంది. ఈ ఉప్పునీళ్ళు ఇంట్లో కలుపుకునేవి కావు, స్టెరైల్‌గా మందుల షాపులో దొరుకుతాయి, మొదటిసారి మాత్రం డాక్టరు దగ్గరే పెట్టించుకోవాలి, కొంతమందికి గొట్టాలు ముడుచుకుపోయి పిల్లికూతలు మొదలవుతాయి. ఆ తర్వాత అసలు పని. కుర్చీలో కూర్చుని మెల్లగా ఊపిరి, భుజాలు వదిలేసి, ఒక నిమిషం. తర్వాత లోపలికి నిండా పీల్చి రెండు మూడు సెకన్లు పట్టి వదలడం, మూడు నాలుగుసార్లు. మళ్ళీ మామూలు ఊపిరి. ఆ తర్వాత "హా" అని ఊదడం, కళ్ళజోడు తుడుచుకునే ముందు అద్దం మీద ఆవిరి పట్టిస్తాం చూడండి, అలాగ, నోరు గుండ్రంగా తెరిచి. గొంతు చించుకుని దగ్గడం కాదు, అలా దగ్గితే గొట్టాలు మూసుకుపోయి కఫం లోపలే ఉండిపోతుంది, మనిషి అలిసిపోతుంది. హా, హా, రెండుసార్లు, కఫం పైకొచ్చినట్టు అనిపిస్తే అప్పుడు ఒక్క దగ్గు. ఇది ఒక పావుగంట, ఇరవై నిమిషాలు. సాయంత్రం మళ్ళీ. మాకు ఇది నేర్పింది ఫిజియోథెరపిస్టు, మోకాళ్ళకే కాదండి, ఊపిరితిత్తులకీ ఫిజియోథెరపీ ఉంటుంది, అడిగితే గానీ ఎవరూ పంపరు. పీల్చే స్టెరాయిడ్ లాంటిది డాక్టరు రాసి ఉంటే కఫం తీసేసేక చివర్లో పీల్చాలి, ముందే పీలిస్తే మందు కఫం మీదే పడుతుంది, పీల్చిన వెంటనే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత.

మొదటి నెల మా అమ్మ ఇదంతా చేయనంది. చేయకపోవడానికి కారణం బద్ధకం కాదు, సిగ్గు. ఉమ్మడం అంటే ఆవిడకి అసహ్యం, ఇంట్లోవాళ్ళ ముందు, మనవడి ముందు ఉమ్మడం ఏంటని, వచ్చిన కఫం అంతా మింగేసేది. చుట్టాలింటికి వెళ్తే ఒక రోజంతా దగ్గు ఆపుకునేది, పమిట నోట్లో కుక్కుకుని. నేను వెనక బాల్కనీలో, మందారం కుండీల పక్కన ఆవిడకి ఒక కుర్చీ, చిన్న స్టూలు, మూతున్న డబ్బా, ఒక రేడియో పెట్టేను, తలుపు వేసేస్తాను, ఎవరూ రారు. అంతే. ఆ తలుపు వేయడం ఏ మందు చేయని పని చేసింది. డబ్బాలో కొంచెం బ్లీచింగ్ నీళ్ళు, తర్వాత టాయిలెట్లో పోసేయడం.

నెబ్యులైజర్ కడగడం గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇక్కడే మేం దెబ్బ తిన్నాం. వాడిన తర్వాత అలాగే సంచీలో పెట్టేసేదాన్ని, తడితో. తర్వాత కళ్లె కల్చర్లో, అంటే కళ్లెలో ఏ బ్యాక్టీరియా ఉందో ల్యాబులో పెంచి చూసే పరీక్షలో, సూడోమోనాస్ అని వచ్చింది. అది తడిలో, నీళ్ళలో బతికే బ్యాక్టీరియా, ఈ జబ్బున్నవాళ్ళ గొట్టాల్లో ఒకసారి స్థిరపడితే జిగట పొరలా అతుక్కుపోయి మొండికేస్తుంది. మా నెబ్యులైజర్ మందు కప్పు నుంచే వచ్చిందని ఎవరూ చెప్పలేరు, కానీ ఆ రోజు నుంచి వాడిన ప్రతిసారీ సబ్బునీళ్ళతో కడిగి, కాచి చల్లార్చిన నీళ్ళతో జాడించి, విదిలించి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టడమే. వేరేవాళ్ళ కప్పు, మాస్కు వాడకూడదు, మనవి ఇవ్వకూడదు.

ఇప్పుడు నోటుబుక్కు. తెచ్చేను, ఇదిగో, ఇది ఐదోది. రూళ్ళ పుస్తకం, మా పిల్లలు లెక్కలు చేసేది. తేదీ, ఆక్సిజన్, నాడి, కళ్లె రంగు, ఎంత, జ్వరం, ఆకలి, ఆదివారం బరువు. రెండు నిమిషాల పని. ముందు ఒంట్లో బాగున్న ఒక నెల రాసేం, అదే ముఖ్యం, బాగాలేనప్పుడు కాదు బాగున్నప్పుడు రాయాలి. దాంతో తెలిసింది మా అమ్మ మామూలు: ఆక్సిజన్ 93, 94 శాతం. దగ్గు మందు సీసా మూత ఉంటుంది కదా, దాంతో రెండు మూతల కళ్లె, లేత పసుపు. ఒక అంతస్తు ఆగకుండా ఎక్కుతుంది. ఈ లెక్క లేకపోతే ఏమవుతుందంటే, ఒకసారి వేరే పని మీద ఆసుపత్రికి వెళ్తే 93 చూసి కంగారుపడి చేర్చేస్తామన్నారు, నోటుబుక్కు చూపిస్తే వదిలేసేరు. అదే 89 వచ్చిన రోజు నేనే పరిగెత్తుకెళ్ళేను. వేలి క్లిప్పు పెట్టేటప్పుడు చేతులు చల్లగా ఉన్నా, గోరింటాకు ఉన్నా, గోళ్ళరంగు ఉన్నా తప్పు చూపించొచ్చు, చెయ్యి రుద్ది వెచ్చబెట్టి ఒక నిమిషం ఉంచి చూడండి.

దగ్గు, కళ్లె ఎక్కువవడమో చిక్కబడడమో, రంగు ముదరడం, ఆయాసం, నీరసం, రక్తపు జీర, వీటిలో మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ రెండు రోజులు, 48 గంటలు, మామూలు కంటే పెరిగి ఉంటే ఇన్ఫెక్షన్ తిరగబెట్టినట్టు చూస్తారు డాక్టర్లు. మా అమ్మకి జ్వరం రాదు, పెద్దవాళ్ళలో చాలామందికి రాదు, జ్వరం లేదు కదా అని కూర్చుంటే ఆలస్యమైపోతుంది. మా ఇంట్లో మొదటి గుర్తు ఏంటో తెలుసా అండి, అమ్మ పొద్దున్నే కిందకి దిగి పూజకి పువ్వులు కోసుకు రాదు. అడిగితే మోకాలు నొప్పి అంటుంది. ఆ రోజు నోటుబుక్కులో "పువ్వులు లేవు" అని రాస్తాను. ఈ ఐదు పుస్తకాల్లో పువ్వులు లేవు అని రాసిన తర్వాత రెండు మూడు రోజుల్లో కళ్లె ఆకుపచ్చగా మారడం నేను ఏడెనిమిదిసార్లు చూసేను. మీ నాన్నగారికి అది పేపరు చదవకపోవడం అవ్వొచ్చు, మీ అత్తగారికి కాఫీ వద్దనడం అవ్వొచ్చు, అది ఏ పుస్తకంలోనూ ఉండదు, ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది.

గుర్తు కనపడిన రోజు చేసేది మాత్ర వేయడం కాదు, కళ్లె పట్టడం. యాంటీబయాటిక్ మొదటి డోసు వేయకముందే. పొద్దున్న నోరు మామూలు నీళ్ళతో పుక్కిలించి, లోపలి నుంచి తీసిన కళ్లె, ఉమ్మి కాదు, ల్యాబు వాళ్ళిచ్చిన డబ్బాలో, రెండు గంటల్లో ల్యాబుకి. రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు, ఈలోగా పాత కల్చర్ చూసి డాక్టరు ఏదో ఒకటి మొదలుపెడతారు, అందుకే పాత రిపోర్టులు ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోండి. ఈ జబ్బులో కోర్సు మామూలుగా 14 రోజులు ఇస్తారు, ఐదు రోజులకి బాగుందని ఆపేస్తే మళ్ళీ నెలకి అదే కథ. మందుల షాపులో అడిగి సిప్రో, లీవో లాంటి యాంటీబయాటిక్‌లు తెచ్చి వేసేయకండి, ఆ రకం మందులు టీబీని కొంచెం అణిచి ఉంచుతాయి, లోపల టీబీ ఉంటే బయటపడడం ఆలస్యమైపోతుంది. పాత టీబీ ఉన్నవాళ్ళకి మళ్ళీ రాదని కూడా కాదు, బరువు తగ్గుతూ, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు ఉంటే కళ్లె టీబీ పరీక్షకి ఇవ్వాలి, గవర్నమెంటులో ఉచితం, మన ఊళ్ళో పెదవాల్తేరులో ఛాతీ ఆసుపత్రి ఉంది, కేజీహెచ్, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది.

రక్తం గురించి. కళ్లెలో చిన్న జీర వస్తే అదే రోజు డాక్టరుకి చెప్పడం. చెంచాల కొద్దీ, అర కప్పు అలా వస్తే మాత్రం ఇంట్లో ఆగకూడదు, 108కి ఫోన్. ఏ వైపు ఊపిరితిత్తి పాడైందో తెలిస్తే ఆ వైపుకి ఒరిగించి పడుకోబెట్టండి, రెండో వైపు బాగున్నది మునగకుండా. అందుకే మా ఫ్రిజ్ మీద చీటీ అంటించి ఉంటుంది, "అమ్మ, కుడివైపు" అని. ఆక్సిజన్ ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకి ఒక మాట, ఎక్కువ పెడితే మంచిది కదా అని నాబు తిప్పేయకండి, ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల జబ్బున్న కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగతలోకి వెళ్ళిపోతారు, అలాంటివాళ్ళకి 88 నుంచి 92 మధ్య ఉంచమంటారు. మీకు ఎంతో డాక్టరు దగ్గర కాగితం మీద రాయించుకోండి.

మన ఊరి గాలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకపక్క యారాడ కొండ, ఒకపక్క కైలాసగిరి, సింహాచలం కొండలు, మధ్యలో గిన్నెలా ఊరు, చలికాలం పొద్దున్న గాలి కదలదు, పొగ అలాగే కూర్చుంటుంది. 2019లో కేంద్రం గాలి బాగు చేయాల్సిన ఊళ్ళ లిస్టు వేస్తే అందులో విశాఖపట్నం ఉంది. పాత ఇంట్లో ఉన్నప్పుడు పొద్దున్న గచ్చు తుడిస్తే గుడ్డ నల్లగా వచ్చేది. ఊరు మార్చలేం, ఇంట్లో పొగ మాత్రం మన చేతిలో ఉంది. మా ఇంట్లో దోమల కాయిల్ లేదు, సాంబ్రాణి లేదు, అగరబత్తి ఒక్కటి, అదీ అమ్మ లేనప్పుడు. సాంబ్రాణి మానేయమన్నప్పుడు అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు నాతో. భోగి రోజు తెల్లవారుజామున కిటికీలన్నీ వేసి, తడిగుడ్డ కింద పెట్టి, అమ్మని లోపలి గదిలో ఉంచుతాం. భోగి మంటలో టైర్లు వేయకండి అని మన వీధి పిల్లలకి ప్రతి ఏడూ చెప్తున్నాను, ఈ ఏడూ చెప్తాను.

హుద్‌హుద్ తుఫాను మీకు గుర్తుంది, 2014 అక్టోబరు 12. రోజుల తరబడి కరెంటు లేదు. మా నెబ్యులైజర్ కరెంటుది. ఆ మొదటి రాత్రి నాకు జీవితంలో ఎప్పుడూ వేయనంత భయం వేసింది. పంపు ఇన్‌హేలరు, దానికి తగిలించి మందు నెమ్మదిగా పీల్చుకునే స్పేసరు గొట్టం ఒకటి అలమరలో పడి ఉంటే దాంతో నెట్టుకొచ్చేం, స్పేసర్తో సరిగ్గా పీలిస్తే అదీ దాదాపు అంతే పని చేస్తుందని అప్పుడే తెలిసింది. అప్పటినుంచి తుఫాను అనగానే స్పేసరు, రెండు ఇన్‌హేలర్లు, రెండు వారాల మందులు, బ్యాటరీ నెబ్యులైజర్ సంచీలో సర్దేస్తాం. పాలు, కొవ్వొత్తుల కంటే ముందు.

టీకాలు, ఏడాదికోసారి ఫ్లూది, న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకోకల్‌ది డాక్టరు చెప్పిన ప్రకారం. తిండి విషయంలో నేను చుట్టాలందరితో గొడవపడ్డాను. పెరుగు వద్దు, అరటిపండు వద్దు, చేప వద్దు, అన్నీ కఫమే అంటే ఇంక మనిషి తినేదేంటి. పాలూ పెరుగూ ఊపిరితిత్తుల్లో కఫం పుట్టించవు. బరువు తగ్గితే దగ్గడానికి కూడా బలం ఉండదు, ఇన్ఫెక్షన్ తేలిగ్గా పట్టేస్తుంది. అమ్మ రోజూ గుడ్డు తింటుంది, వారానికి రెండుసార్లు కానాగంతలు చేపల పులుసు, రాత్రి పెరుగన్నం. పోయిన ఆరు కిలోల్లో నాలుగు వెనక్కొచ్చేయి, బుక్కులో ఉంది చూడండి.

హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు రోజూ ఫోన్ చేసి అమ్మ ఎలా ఉందక్కా అంటాడు, బానే ఉంది అనేదాన్ని, ఏళ్ళపాటు. అలా అని అని ఒకరోజు వంటింట్లో కూర్చుని ఏడ్చేసేను. ఇప్పుడు నోటుబుక్కు పేజీ ఫోటో తీసి పంపిస్తాను, వాడే చూసుకుంటాడు, మందులు అయిపోవస్తుంటే వాడే ఆర్డరు పెడతాడు, రెండు నెలలకోసారి వారం వచ్చి ఉంటాడు, ఆ వారం పొద్దున్న ఐదున్నరకి లేచేది వాడే. అడగకముందు నేనే చేసుకోవాలి అనుకున్నాను, వాడికేం తెలుసు అనుకున్నాను. చూపిస్తే నేర్చుకున్నాడు.

పుస్తకాలు ఐదూ ఈ బల్ల మీద పెడుతున్నాను, తిరగేసి చూడండి, గడులు ఫోటో తీసుకోండి. అమ్మ కూడా వచ్చింది, చివరి వరసలో ఫ్యాన్ కింద, ఆకుపచ్చ చీర. రానంది ముందు, ఒట్టు సంగతి చెప్పొచ్చా అని అడిగితే రెండు రోజులు ఆలోచించి "సెప్పీ" అంది. ఆవిడ దగ్గితే పక్కవాళ్ళు కుర్చీ జరపకండి అండి, అది అంటుకునేది కాదు. ఏడింటికి ఆవిడకి నెబ్యులైజేషన్ టైము, ఇంకా ఇరవై నిమిషాలుంది, అడగాల్సినవి ఉంటే ఇప్పుడే అడగండి.